ఉప్పు తప్పు కాదు: గర్భిణుల రక్తపోటు, మాయ, మన ప్రశ్నలు

(మహిళా ఆరోగ్య కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మాట. నా పేరు ముందు డాక్టర్ అని వేశారు. అది సమాజశాస్త్రంలో వచ్చిన డాక్టరేటు. దానితో నేను ఎవరికీ సూదిమందు కూడా వేయలేను. మరి గర్భిణుల రక్తపోటు గురించి, అందులోనూ మాయలో జరిగే మార్పుల గురించి నేనెందుకు మాట్లాడుతున్నానో చెప్పాలి.

కొన్నేళ్ళుగా నేను కాన్పు సమయంలో స్త్రీలు చనిపోయిన ఇళ్ళకు వెళ్ళి, ఆ కుటుంబాలు చెప్పేది రాసుకుంటున్నాను. పాలమూరు వైపు ఒక ఊళ్ళో ఒక తల్లిని కలిశాను. ఆమె కూతురికి ఇరవై ఏళ్ళు, తొలిచూలు. ఏడో నెలలో కాన్పుకని పుట్టింటికి తీసుకొచ్చారు. తొమ్మిదో నెలలో రెండు రోజులు విపరీతంగా తలనొప్పి వచ్చింది, కళ్ళు మసకలు కమ్మాయి. మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపారు. అక్కడికి చేరేసరికి ఆ అమ్మాయి లేదు, కడుపులో బిడ్డా లేదు. మన పల్లెల్లో దీన్ని గుర్రపువాతం అంటారు. డాక్టర్లు ఎక్లాంప్సియా అంటారు.

ఆ తల్లి నన్ను అడిగిన ప్రశ్న ఇది: "మా ఇంటికాడ తొక్కు పెట్టి, ఉప్పు తినవెట్టి నేనే బిడ్డను సంపుకున్ననని మా వియ్యపురాలు అంటున్నది మేడం. నిజమేనా?"

కాదమ్మా, అట్లా అనుకోవద్దు అని అన్నాను. కానీ నిజం చెప్పాలంటే అప్పుడు నేను ఓదార్పు కోసం అన్నాను తప్ప తెలిసి అనలేదు. నా కాన్పుకు ముందు నాకూ బీపీ పెరిగింది. అది 2010. "థీసిస్ అంటూ టెన్షన్ పడుతుంటే బీపీ రాక ఏమవుతుంది?" అని డాక్టరమ్మ కసిరారు. చదువుకున్నదాన్ని, స్త్రీవాదం మాట్లాడేదాన్ని, ఆ మాటను నోరు మూసుకుని నమ్మాను. ముప్పై మూడో వారంలోనే పుట్టిన మా అబ్బాయిని గాజుపెట్టెలో చూసినప్పుడల్లా నా థీసిస్ మీదే నాకు కోపం వచ్చేది. ఆమెది తొక్కు, నాది థీసిస్. ఆ ఊరి నుంచి తిరిగొచ్చాక కూర్చుని చదవడం మొదలుపెట్టాను. తెలిసిన డాక్టర్లను విసిగించాను. ఆ చదువులో తేలిందేమిటో మీతో పంచుకుంటాను.

మీలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఉన్నారు కనుక పాఠం చెప్పనక్కర్లేదు. ఇరవై వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకు మించి ఉండి, మూత్రంలో అల్బుమిన్ పోవడమో, కాలేయమో మూత్రపిండాలో మరో అవయవమో దెబ్బతినడమో కనిపిస్తే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. ప్రపంచంలో నూటికి రెండు నుంచి ఎనిమిది గర్భాల్లో ప్రీఎక్లాంప్సియా కనిపిస్తుంది. 2025లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం ప్రకారం మాతృమరణాల్లో 27 శాతం రక్తస్రావం వల్ల అయితే, 16 శాతం గర్భంతో వచ్చే రక్తపోటు జబ్బుల వల్లే.

పాత పుస్తకాల్లో దీన్ని టాక్సీమియా అన్నారు. అంటే ఒంట్లో ఏదో విషం చేరిందని. ఆ విషం ఏమిటో ఎవరికీ దొరకలేదు. కానీ ఒక సంగతి మాత్రం మంత్రసానులకూ డాక్టర్లకూ ఎప్పటినుంచో అనుభవంలో ఉంది: కాన్పయి మాయ పడిపోతే జబ్బు తగ్గుముఖం పడుతుంది. ఇంకో సాక్ష్యం మన భాషలోనే ఉంది. ముత్యాల గర్భం అంటాం కదా, కడుపులో శిశువు ఉండదు, మాయ కణజాలమే ద్రాక్షగుత్తిలా పెరిగిపోతుంది. అటువంటి స్త్రీలకు కూడా ఈ బీపీ వస్తుంది, అదీ చాలా ముందుగా. బిడ్డ లేకపోయినా జబ్బు వస్తుంది, మాయ లేకుండా రాదు. అందుకే నా దృష్టి వంటింటి మీద నుంచి మాయ మీదికి మళ్ళింది.

మాయ ఎవరిది? తల్లిదని అనుకుంటాం. కానీ మాయ పుట్టేది బిడ్డతో పాటు ఆ పిండం నుంచే. అందులో సగం జన్యువులు తండ్రివి. గర్భం మొదటి నెలల్లో మాయ కణాలు తల్లి గర్భసంచి గోడలోకి పాకి, అక్కడి సన్నని మెలికల రక్తనాళాలను మార్చేస్తాయి. ఇరుకైన పిల్లకాలువను వెడల్పు చేసి పెద్దకాలువగా తవ్వినట్టు అనుకోండి. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైగా రక్తం పారాలి మరి. 1960ల చివర, 1970ల మొదట్లో బ్రోసెన్స్, రాబర్ట్‌సన్, డిక్సన్ అనే పరిశోధకులు ఈ నాళాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించారు. ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలలో ఆ తవ్వకం సగంలోనే ఆగిపోయినట్టు గమనించారు. నాళాలు ఇరుకుగానే ఉండిపోయాయి.

ఇరుకు నాళాల్లోంచి రక్తం ఒక ధారగా రాదు, ఆగి ఆగి, ఎగజిమ్ముతూ వస్తుంది. మాయకు ఒకసారి ప్రాణవాయువు చాలదు, ఇంకోసారి ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఆ ఒత్తిడికి మాయ పై పొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న పొర తునకలు, మంట పుట్టించే రసాయనాలు తల్లి రక్తంలోకి చేరతాయి. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటున్నారు. గాయమైన చోట ఒళ్ళు వేడెక్కి, ఎర్రబడి, తెల్లకణాలు పరుగెత్తుకొచ్చే ప్రక్రియే ఇది. తెలుగులో దీనికి వాపు అని రాస్తున్నారు. దానితో మనకొక చిక్కుంది. గర్భిణి కాళ్ళకు నీరు పట్టడాన్నీ వాపే అంటాం. అది వేరు, ఇది వేరు. మాయలో ఈ మంట పైకి కనిపించదు, చేత్తో నొక్కితే తెలియదు. కాళ్ళకు నీరు ఏమీ లేకుండా కూడా ఫిట్స్ దాకా వెళ్ళిన వాళ్ళున్నారు. శిక్షణలో ఈ తేడా తప్పకుండా చెప్పండి.

తల్లి రక్తంలోకి చేరిన ఈ సరంజామా ఏం చేస్తుంది? ఒళ్ళంతా ఉన్న రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. మూత్రపిండాల్లో ఆ పొర చెడితే అల్బుమిన్ కారిపోతుంది. కాలేయంలో చెడితే కుడి డొక్క కింద నొప్పి. మెదడులో చెడితే తలనొప్పి, చూపు మసక, ఫిట్స్. 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం ఇందులో ఇంకో ముడి విప్పింది. కష్టంలో ఉన్న మాయ ఒక ప్రొటీన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది, అది రక్తనాళాలను ఆరోగ్యంగా ఉంచే పదార్థాలను పట్టి కట్టేస్తుంది అని చూపారు. ఇంకా తేలవలసినవి ఉన్నాయి. నెలలు నిండాక వచ్చే రకానికీ ముందే వచ్చే రకానికీ తేడాలున్నాయి. నెలలు నిండాక వచ్చేదానిలో తల్లికి ముందునుంచీ ఉన్న షుగరు, అధిక బరువు, బీపీ పాత్ర ఎక్కువని అంటున్నారు.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టఫర్ రెడ్‌మన్, సహచరులతో కలిసి 1999లో రాసిన వ్యాసం. మామూలు గర్భంలో కూడా చివరి నెలల్లో తల్లి రక్తంలోని తెల్లకణాలు, జబ్బు చేసినవాళ్ళలోలాగే, అప్రమత్తంగా ఉంటాయట. అంటే ఏ జబ్బూ లేని గర్భిణి కూడా కొంత ఇన్‌ఫ్లమేషన్‌ను మోస్తూనే ఉంటుంది. అది ఒక హద్దు దాటితే ప్రీఎక్లాంప్సియా. మరి ఇది కొందరు స్త్రీల లోపమా, గర్భం పేరుతో స్త్రీలందరి శరీరాలూ మోసే భారమా? "మా కాలంలో పొలంలో కనలేదా" అనే అత్తగార్లకు చెప్పవలసిన సంగతి ఇదే. ఆ భారం ప్రతి ఒక్కరూ మోశారు. కొందరి విషయంలో అది తట్టుకోలేని స్థాయికి వెళ్ళింది. అట్లా వెళ్ళినవాళ్ళు కథ చెప్పడానికి మిగల్లేదు.

ఇక్కడ భాష గురించి కూడా చెప్పాలి. వైద్య పుస్తకాల్లో మాయ కణాలు తల్లి మీద దండయాత్ర చేస్తాయి, తల్లి శరీరం వాటిని తిప్పికొడుతుంది. ఎమిలీ మార్టిన్ అనే మానవశాస్త్రవేత్త 1991లో అండం, శుక్రకణాల గురించి సైన్సు పుస్తకాలు చెప్పే కథల్లో స్త్రీ పురుషుల మూస పాత్రలు ఎట్లా దూరాయో వివరంగా చూపారు. మాయ కథలోనూ అదే జరిగింది. గర్భసంచి గోడలో పెద్ద సంఖ్యలో ఉండే ఒక రకం తెల్లకణాలకు "సహజ హంతక కణాలు" అని పేరు పెట్టారు. అవి అక్కడ చంపే పని చేయవు. మాయ కణాలతో కలిసి ఆ కాలువను వెడల్పు చేసే పనిలో సాయపడతాయి. కేంబ్రిడ్జిలో ఆష్లీ మొఫెట్ బృందం 2004లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈ కణాలకు తగినంత ప్రేరణ అందని జన్యు కలయికల్లోనే ప్రీఎక్లాంప్సియా ఎక్కువ. తల్లి శరీరం ఎదురు తిరగడం వల్ల కాదు, ఇద్దరి మధ్యా సంభాషణ సరిగా కుదరకపోవడం వల్ల అన్నమాట.

సంభాషణ అంటే రెండో మనిషి కూడా ఉండాలి కదా. నార్వేలో దేశవ్యాప్త జనన రికార్డులను పరిశీలించి 1998లో ఒక అధ్యయనం వేశారు. ఒక స్త్రీకి ప్రీఎక్లాంప్సియా వచ్చిన గర్భానికి తండ్రి అయిన పురుషుడు, వేరే స్త్రీతో బిడ్డను కన్నప్పుడు ఆమెకు కూడా అది వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు ఉంది. 2001లో అమెరికాలోని యూటా నుంచి వచ్చిన అధ్యయనం ప్రకారం, ప్రీఎక్లాంప్సియా ఉన్న గర్భం నుంచి పుట్టిన మగవాళ్ళు తండ్రులైనప్పుడు కూడా ప్రమాదం పెరుగుతుంది. నేను ఎన్నో ఇళ్ళలో కూర్చున్నాను. కోడలు ఏం తింది, ఎంత నడిచింది, ఎవరి దిష్టి తగిలింది అని మాట్లాడుకున్నారు గానీ, ఒక్క ఇంట్లో కూడా కొడుకు వైపు నుంచి ఏమైనా వచ్చిందా అని ఎవరూ అడగలేదు. నేనిప్పుడు అల్లుళ్ళ మీద నేరం మోపమనడం లేదు, జన్యువులు ఎవరి తప్పూ కాదు. కానీ పంచుకోవలసిన ప్రశ్న కూడా ఒక్కరి మీదే పడుతోంది చూశారా.

ఇన్‌ఫ్లమేషన్ అనే మాట ఈ మధ్య బాగా చలామణీలో ఉంది కనుక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మూత్రనాళాల ఇన్‌ఫెక్షన్లు, చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో ప్రీఎక్లాంప్సియా కొంత ఎక్కువని 2008లో అనేక అధ్యయనాలను కలిపి చూసినవాళ్ళు చెప్పారు. టాంజానియాలో 2006లో ప్రచురితమైన పరిశోధనలో, తొలిసారి తల్లులవుతున్న స్త్రీలకు మలేరియా వల్ల మాయలో ఇన్‌ఫ్లమేషన్ వచ్చినప్పుడు దానితో పాటు బీపీ కూడా కనిపించింది. ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసే మిత్రులు ఇది గుర్తుపెట్టుకోండి. అయితే రెండూ కలిసి కనిపించడం వేరు, ఒకటి ఇంకొకదానికి కారణమని రుజువు కావడం వేరు. రేపు "నీ పళ్ళు శుభ్రంగా లేకనే నీ బిడ్డ పోయింది" అని ఎవరో అంటారు. తొక్కు పోయి టూత్‌బ్రష్ వస్తుంది, నింద మాత్రం అక్కడే ఉంటుంది. మూత్రానికి వెళ్ళే చోటు లేక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా పత్తి ఏరే కూలీలను మీరందరూ చూస్తూనే ఉన్నారు. వాళ్ళకు ఇన్‌ఫెక్షన్ ఎందుకు వచ్చిందో ఆ చేను యజమానినీ పంచాయతీనీ అడగాలి గానీ వాళ్ళ అలవాట్లను కాదు.

ఇక ఏం పనిచేస్తుంది, ఏం చేయదు? ఉప్పు మానేస్తే ఈ జబ్బు రాకుండా ఉంటుందనడానికి ఆధారం లేదు. దీన్ని ఆపడానికి గర్భిణులను ఉప్పు తగ్గించమనడం, మంచానికి పరిమితం చేయడం రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే వద్దంది. విటమిన్ సి, ఇ మాత్రల మీద చాలా ఆశ పెట్టుకున్నారు. 2006లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద ప్రయోగంలో లాభం కనిపించలేదు. క్యాల్షియం మన ఆహారంలో తక్కువ కనుక పనికొస్తుంది. రోజుకు 500 మిల్లీగ్రాములు ఇచ్చినా 1500 ఇచ్చినా ప్రీఎక్లాంప్సియా విషయంలో ఫలితం దాదాపు ఒకటేనని బెంగళూరులోనూ టాంజానియాలోనూ చేసిన ప్రయోగాల్లో తేలి 2024లో ప్రచురితమైంది. మాత్రలు ఎక్కువైతే మింగలేక పారేసే గర్భిణులకు ఇది మంచి కబురు.

ఆస్పిరిన్ సంగతి ముఖ్యం. చిన్న మోతాదు ఆస్పిరిన్, చవకైన పాత మాత్ర. 2017లో వెలువడిన ఆస్ప్రే అనే ప్రయోగంలో ప్రమాదం ఎక్కువగా ఉన్న స్త్రీలకు పదకొండు, పద్నాలుగు వారాల మధ్య మొదలుపెట్టి రోజుకు 150 మిల్లీగ్రాములు ఇస్తే, నెలలు నిండకముందే కాన్పు చేయవలసి వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. ఇది ఎవరికి వారు కొనుక్కుని వేసుకునే మాత్ర కాదు. ముందు కాన్పులో ఈ జబ్బు వచ్చినవాళ్ళు, కవలలు, ముందే బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, వీళ్ళను గుర్తించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అదీ పదహారు వారాల లోపు. మాయ కాలువ తవ్వుకునేది అప్పుడే కదా. మన ఇళ్ళలో మూడో నెల దాటేదాకా కడుపు సంగతి బయటికి పొక్కనివ్వరు. దిష్టి భయం ఒకటి, నిలవకపోతే మాట పడాలనే భయం ఒకటి. ఆశా కార్యకర్తకు ఆ చెవిన చెప్పగలిగేంత నమ్మకం ఉంటే తప్ప ఈ మాత్ర సమయానికి అందదు.

ఫిట్స్‌కు మెగ్నీషియం సల్ఫేటు. 1995లో వచ్చిన అంతర్జాతీయ ప్రయోగం ఎక్లాంప్సియాలో అది మిగతా మందులకంటే మేలని తేల్చింది. 2002లో 33 దేశాల్లో పదివేల మంది స్త్రీలతో చేసిన మాగ్‌పై ప్రయోగం, ఫిట్స్ రాకముందే ఇస్తే ఆ ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని చూపింది. మొదటి మోతాదు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇచ్చి పెద్దాసుపత్రికి పంపాలి. పాలమూరు అమ్మాయికి మొదటి ఆసుపత్రిలో ఆ మోతాదు ఇచ్చినట్టు నాకు చూపించిన కాయితాల్లో ఎక్కడా లేదు.

ఆమె మాతా శిశు సంరక్షణ కార్డు కూడా చూశాను. అత్తగారి ఊళ్ళో ఏఎన్ఎం రెండుసార్లు బీపీ రాసింది. ఏడో నెల తర్వాత గళ్ళన్నీ ఖాళీ. పుట్టింటి ఊరి జాబితాలో ఆమె పేరే లేదు. పుట్టింటికి తీసుకెళ్ళడం మనకు ముద్దు, మురిపెం. నేను దాన్ని కాదనను. కానీ జబ్బు బయటపడే నెలల్లోనే ఆమె ఒక రికార్డులోంచి జారిపోయి ఇంకో రికార్డులో చేరకుండా మిగిలిపోతోంది. ఇంతకు ముందు ఎంత ఉండేదో తెలియకపోతే ఇప్పుడు పెరిగిందని ఎట్లా తెలుస్తుంది? సీమంతం సారెతో పాటు కార్డు కూడా వెళ్ళాలి, వెళ్ళిన వారంలోపు అక్కడి ఆశా గుమ్మం తొక్కాలి. మీ మండలాల్లో దీన్ని మొదలుపెట్టగలిగితే నాకు తెలియజేయండి.

2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. దేశ సగటు 97. సంతోషమే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే. కోతకు ఉన్న ఏర్పాటు పట్టీ చుట్టి బీపీ చూడటానికి లేదు. నేను తిరిగిన సబ్‌సెంటర్లలో కొన్నిచోట్ల బీపీ మిషను ఉంది, పట్టీ చిరిగి ఉంది. అడిగితే ఇండెంటు పెట్టామన్నారు. కోసి తీసిన మాయ పసుపు సంచిలో పడి కాల్చివేతకు పోతుంది. తల్లి చనిపోయినా, బిడ్డ చనిపోయినా దాన్ని పరీక్షకు పంపడం నేను తిరిగిన ఆసుపత్రుల్లో చూడలేదు. ఊళ్ళో మంత్రసాని దాన్ని పెరట్లో పాతిపెట్టేది. ఆ కాస్త గౌరవం కూడా ఇప్పుడు లేదు.

మరో ముఖ్యమైన సంగతి. కాన్పయిందని జబ్బు వెంటనే వదలదు. బాలింతకు మొదటి రెండు రోజులు, ఆ తర్వాత కూడా కొన్ని వారాల దాకా ఫిట్స్ రావచ్చు. తలనొప్పిని గాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి వదిలేయకండి. బీపీ 160/110 అయితే అది ఎమర్జెన్సీయే, కాన్పుకు ముందైనా తర్వాతైనా. ఈ జబ్బు వచ్చినవాళ్ళకు తర్వాతి జీవితంలో గుండెజబ్బు ప్రమాదం రెట్టింపని 2007లో అనేక అధ్యయనాలను కలిపి చూసి చెప్పారు. నలభై దాటిన నాకు ఇప్పటిదాకా ఏ డాక్టరూ "మీ కాన్పుల్లో బీపీ వచ్చిందా?" అని అడగలేదు. నేనే చెబుతున్నాను.

మాతృమరణం జరిగితే సమీక్ష జరపాలని 2010 నుంచి ప్రభుత్వ మార్గదర్శకాలున్నాయి. ఇంటికొచ్చి ప్రశ్నలు అడుగుతారు, కాయితాలు నింపుతారు. ఏం తేలిందో ఆ ఇంటికి తిరిగొచ్చి చెప్పినవాళ్ళు నేను కలిసిన కుటుంబాల్లో ఎవరికీ తారసపడలేదు. తేలింది తెలుసుకునే హక్కు ఆ తల్లికి లేదా? మనం ఆ కమిటీల ముందుకు వెళ్ళి అడగవలసింది ఇదే.

పాలమూరుకు మళ్ళీ వెళ్ళాను. మూడో నెలలోనే, మీ బిడ్డ అత్తగారింట్లో ఉన్నప్పుడే, కడుపులో మాయ సరిగా కుదురుకోలేదేమో, జబ్బు అప్పుడే మొదలై ఉంటుంది, తొక్కుతో రాలేదు అని చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. "మరి మా వియ్యపురాలు ఏం తప్పు చేసిందంటవు?" అని అడిగింది. ఆమె కూడా ఏమీ చేయలేదమ్మా అన్నాను. "బీపీ చూడనోళ్ళది తప్పు" అన్నది ఆమె. ఆ మాటలన్నీ ఒక కాయితం మీద రాసి ఇమ్మంది. ఆమెకు చదువు రాదు. మనవడి వరసైన పిల్లాడితో వియ్యపురాలికి చదివించి వినిపిస్తానంది. రాసిచ్చాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి.